చెరువు ఒడ్డున ఇల్లు కట్టాలంటే: విశాఖలో అనుమతి కోరేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

సముద్రం కనిపించే స్థలాల ధరలు అందనంత ఎత్తుకు వెళ్లాక విశాఖలో చాలామంది చూపు చెరువుల వైపు మళ్లింది. పెందుర్తి, సబ్బవరం, ఆనందపురం, మధురవాడ, గాజువాక దిక్కుల్లో చెరువునో గెడ్డనో ఆనుకుని ఉన్న చిన్న చిన్న స్థలాలు అమ్మకానికి వస్తూనే ఉన్నాయి. చల్లగాలి వస్తుంది, ఎదురుగా మరో భవనం లేవదు, ధర కూడా కాస్త తక్కువ. ఆ ధర ఎందుకు తక్కువో కొన్న తర్వాత తెలియడమే బాధ. కొనబోయేవారికీ, ఇప్పటికే కొని ప్లాను కోసం తిరుగుతున్నవారికీ పనికొచ్చే విషయాలు ఇక్కడ ఉన్నాయి.

చెరువు పక్కన ఇల్లు కట్టడమే చట్టరీత్యా తప్పా?

తప్పు కాదు. చెరువులో కట్టడం తప్పు, చెరువు చుట్టూ పచ్చగా వదలాల్సిన మేరలో కట్టడం తప్పు. ఆ మేర దాటి మీ స్థలం ఎంత మిగిలితే అంతలో మామూలు నిబంధనల ప్రకారం ఇల్లు కట్టుకోవచ్చు.

ఎంత దూరం వదలాలి?

2017 మార్చి 28న జీవో ఎంఎస్ నంబర్ 119 ద్వారా వచ్చిన ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నిబంధనలు దీనికి ఆధారం. చెరువు విస్తీర్ణం 10 హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, లేదా అంతకు మించితే పూర్తి నీటి మట్టం హద్దు నుంచి 30 మీటర్లు వదలాలి. 10 హెక్టార్లలోపు చెరువులకు, కుంటలకు 9 మీటర్లు చాలు. గెడ్డ, వాగు, కాలువ, వాననీటి కాలువల వెడల్పు 10 మీటర్లు దాటితే 9 మీటర్లు, దాటకపోతే 2 మీటర్లు వదలాలి. నది అయితే నగరపాలక, పురపాలక హద్దుల లోపల 50 మీటర్లు, వెలుపల 100 మీటర్లు.

ఇక్కడ చాలామంది గమనించని మాట ఒకటుంది. నీటి పక్కన ఇలా వదిలే మేరను బఫర్ అంటారు. ఈ బఫర్‌ను లేఅవుట్లలో ఖాళీ స్థలం కింద చూపవచ్చు కానీ ఇంటి చుట్టూ వదలాల్సిన సెట్‌బ్యాక్ కింద చూపడానికి వీల్లేదు. అంటే బఫర్ గీత మీ స్థలానికి కొత్త సరిహద్దు అవుతుంది, సెట్‌బ్యాక్ కొలత ఆ గీత దగ్గర మొదలవుతుంది. «వెనకాల ఎలాగూ 9 మీటర్లు వదిలాం కదా, మళ్లీ సెట్‌బ్యాక్ ఎందుకు» అని అడిగి ప్రయోజనం లేదు.

మాది 36 అడుగుల వెడల్పు, 60 అడుగుల లోతు, మొత్తం 240 గజాలు. వెనుక హద్దు చెరువే. ఏం మిగులుతుంది?

చెరువు చిన్నది, పూర్తి నీటి మట్టం సరిగ్గా మీ వెనుక హద్దు దగ్గరే ఆగింది అనుకుందాం. 9 మీటర్లంటే 29 అడుగుల 6 అంగుళాలు. 60 అడుగుల లోతులో ఇక మిగిలింది 30 అడుగుల 6 అంగుళాలు. అందులో లెక్క కోసం ముందు 5 అడుగులు, వెనుక 3 అడుగులు వదిలారనుకుంటే 22 అడుగుల 6 అంగుళాల లోతు దక్కుతుంది. పక్కలకు మూడేసి అడుగులు పోతే వెడల్పు 30 అడుగులు. అంతస్తుకు 675 చదరపు అడుగులు, అంటే 75 గజాలు. రెండు అంతస్తులు వేసుకుంటే చిన్న కుటుంబానికి సరిపోయే ఇల్లు అవుతుంది. సెట్‌బ్యాక్ కొలతలు స్థలం విస్తీర్ణాన్ని, రోడ్డు వెడల్పును, భవనం ఎత్తును బట్టి ఉంటాయి, సవరణలతో మారుతుంటాయి కూడా. కాబట్టి అర్జీ పెట్టే నాటికి అమలులో ఉన్న పట్టికనే చూడాలి.

ఇప్పుడు ఆ నీటి హద్దు మీ స్థలంలోకి 15 అడుగులు వచ్చిందనుకోండి. ఇంటికి మిగిలే లోతు 7 అడుగుల 6 అంగుళాలు. అందులో గది కూడా కట్టలేరు. చెరువు 10 హెక్టార్లు దాటిందంటే ఈ లెక్కలేవీ అక్కర్లేదు: 30 మీటర్లంటే 98 అడుగులు పైచిలుకు, మీ స్థలం లోతే 60. మేఘాద్రిగెడ్డ జలాశయం గానీ, అచ్యుతాపురం వైపు కొండకర్ల ఆవ గానీ 10 హెక్టార్లకు ఎంతో పెద్దవి. అలాంటి నీటి పక్కన చిన్న స్థలం చూపిస్తే టేపు తీయకముందే జవాబు తెలిసినట్టే.

పూర్తి నీటి మట్టం, అదే ఎఫ్‌టీఎల్, ఎలా తెలుసుకోవాలి? వేసవిలో చూస్తే నీళ్లు ఎంతో దూరంలో ఉన్నాయి.

వేసవిలో చూసిన నీటి అంచుకు ఈ లెక్కలో విలువ లేదు. ప్రతి చెరువుకూ ఒక అలుగు ఉంటుంది, కలుజు అని కూడా అంటారు. చెరువు నిండి, ఇక పట్టలేక నీరు పొర్లిపోయే చోటు అది. ఆ అలుగు గోడ పైమట్టం ఎంత ఎత్తులో ఉందో, చెరువు చుట్టూ నేల మీద అదే ఎత్తులో గీసిన గీతే ఎఫ్‌టీఎల్ హద్దు. సర్వేయర్ అలుగు పైమట్టం దగ్గర కొలత తీసుకుని, అదే మట్టాన్ని మీ స్థలం దాకా తీసుకొచ్చి రాళ్లు పాతాలి. పనిలో నిలబడి చూడవలసింది ఇదొక్కటే. మట్టం కొలిచే కర్ర (స్టాఫ్) పట్టుకున్న మనిషి అలుగు మీద నిలబడ్డాడా, లేక పక్కనే ఉన్న గట్టు మీదో తూము మీదో నిలబడ్డాడా అన్నది మీ కళ్లతో చూడండి.

ఎందుకింత పట్టుదల అంటే, చెరువు లోపలి అంచు సాధారణంగా చాలా మెల్లగా వాలుతుంది. 50 అడుగుల దూరానికి ఒక అడుగు దిగే వాలు అనుకోండి. మట్టం కొలవడంలో అడుగు తేడా వస్తే హద్దు గీత 50 అడుగులు జరుగుతుంది. మీ స్థలం మొత్తం లోతే 60! గూగుల్ మ్యాపు మీద గీత గీసి «ఇదిగో సార్ ఎఫ్‌టీఎల్» అనే పనివాడిని నమ్మకండి. ఉపగ్రహ చిత్రం ఏ నెలలో తీసిందో, ఆ ఏడు వాన ఎంత పడిందో అతనికీ తెలియదు.

మరో సంగతి. కొన్ని చోట్ల అలుగు గోడకు గండి పడి ఉంటుంది, లేదా ఎవరో పనిగట్టుకుని కొట్టేసి ఉంటారు. నీరు నిలవక చెరువు చిన్నదిగా కనిపిస్తుంది. హద్దుకు లెక్క అలుగు కట్టినప్పటి అసలు మట్టమే. ఆ వివరం జలవనరుల శాఖ రికార్డుల నుంచి రావాలి, లిఖితపూర్వకంగా రావాలి.

భారీ వాన కురిసినప్పుడు నీరు అలుగు మీదుగా పొర్లుతూ ఎఫ్‌టీఎల్ కంటే పైకి లేస్తుందని కూడా గుర్తుంచుకోండి. ఎఫ్‌టీఎల్ అనేది అనుమతి కోసం గీసే గీత మాత్రమే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటింది ఈ నగరం దగ్గరే. ఇక్కడ చెరువులు నిండేది, గెడ్డలు పొంగేది అక్టోబరు, నవంబరు తుపానుల వేళల్లోనే. కొనే ముందు స్థలాన్ని ఆ నెలల్లో ఒకసారి చూడండి. చూసే వీలు లేకపోతే కనీసం గట్టు మీద పశువులు మేపేవారిని అడగండి. నీరు ఎంతవరకు వస్తుందో వారు చెట్టు చూపించి మరీ చెబుతారు.

చెరువు ఎప్పుడో ఎండిపోయింది. పిల్లలు క్రికెట్ ఆడుకుంటున్నారు. అక్కడ కూడా బఫర్ వదలాలా?

వదలాలి. రికార్డులో చెరువైతే అది చెరువే. చెరువు, కుంట స్థలాలను ఇళ్లకు కేటాయించడం కుదరదని సుప్రీంకోర్టు 2001లో హించ్‌లాల్ తివారీ కేసులో చెప్పింది. 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో ఇంకా గట్టిగా చెప్పింది: గ్రామ ఉమ్మడి నీటి వనరును పూడ్చి కట్టిన ఇళ్లకు డబ్బు ఎంత ఖర్చయినా సరే, దాన్ని క్రమబద్ధీకరించిన ప్రభుత్వ ఉత్తర్వు కూడా చెల్లదంది. మన రాష్ట్రంలోనే తిరుపతి దగ్గర అవిలాల, పేరూరు చెరువుల విషయం 2006లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అప్పటికే ఇళ్లు లేచాయి కాబట్టి కోర్టు ఉన్నవాటిని కూల్చమనలేదు గానీ, చెరువులను కాపాడటం ప్రభుత్వ బాధ్యత అని చెప్పి కొత్త నిర్మాణాలకు అడ్డుకట్ట వేసింది.

ప్లానుకు అర్జీ ఎక్కడ పెట్టాలి?

స్థలం మహా విశాఖ నగరపాలక సంస్థ హద్దుల్లో ఉంటే జీవీఎంసీ టౌన్ ప్లానింగ్ విభాగం చూస్తుంది. 2018లో వుడా స్థానంలో ఏర్పడిన వీఎంఆర్‌డీఏ ఈ మొత్తం ప్రాంతానికి మాస్టర్ ప్లాన్, భూవినియోగం చూసే సంస్థ. అర్జీ ఆన్‌లైన్‌లో, లైసెన్సు ఉన్న సాంకేతిక నిపుణుడి ద్వారా, అంటే ఎల్‌టీపీ ద్వారా వెళుతుంది. వార్డు సచివాలయంలోని ప్లానింగ్ కార్యదర్శితో ముందే మాట్లాడటం మంచిది. స్థలం చూసి నివేదిక రాసేటప్పుడు చెరువు సంగతి వారి దృష్టికి ఎలాగూ వస్తుంది.

చెరువు పక్కన కాబట్టి రెండు శాఖల మాట అదనంగా కావాలి. నీటి హద్దు గురించి జలవనరుల శాఖ, సర్వే నంబరు హద్దు గురించి తహసీల్దారు కార్యాలయం. ఈ రెండూ విడివిడిగా తెస్తే ఒకదానికొకటి పొసగని సందర్భాలు వస్తాయి. అందుకే మొదటి నుంచీ సంయుక్త సర్వే కోరుతూ అర్జీ పెట్టండి. టౌన్ ప్లానింగ్‌తో కలిపి మూడు శాఖలవారూ ఒకే రోజు స్థలం మీద నిలబడి, ఒకే స్కెచ్ మీద సంతకాలు చేయాలి. ఆలస్యమవుతుంది, నిజమే. కానీ ఆ ఒక్క కాగితం ఉంటే తర్వాత ఎవరు వచ్చి ప్రశ్నించినా మీ దగ్గర జవాబు ఉంటుంది.

రిజిస్ట్రేషన్ అయింది, ఈసీ శుభ్రంగా ఉంది. ఇంకేం చూడాలి?

ఆ స్థలం మీద జరిగిన లావాదేవీలే ఈసీలో కనిపిస్తాయి. స్థలం స్వభావం అందులో ఉండదు. రిజిస్ట్రేషన్ అయిందంటే కట్టుకునే హక్కు వచ్చిందని కూడా కాదు.

విశాఖ జిల్లాలో చాలా గ్రామాలు ఒకప్పుడు జమీందారీ గ్రామాలు. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత అక్కడ సెటిల్‌మెంట్ జరిగి కొత్త రికార్డులు తయారయ్యాయి. కాబట్టి పాత పట్టా అంటూ ఎవరేం చూపినా సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్‌లో ఆ సర్వే నంబరు ఎదుట ఏం రాసి ఉందో చూడాలి. «చెరువు», «గెడ్డ», «పోరంబోకు», «గయాలు» అన్న మాటల్లో ఏది కనిపించినా అక్కడే ఆగి న్యాయవాదిని కలవండి. ఆ తర్వాత గ్రామ పటం, ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు కొలతల పుస్తకం) స్కెచ్ తీయించి మీ సబ్‌డివిజన్ ఆకారం చెరువు సర్వే నంబరుకు ఎటువైపు ఆనుకుని ఉందో సరిచూసుకోవాలి. భూమి రికార్డుల వెబ్‌సైట్ మీభూమిలో 1బీ, అడంగల్ చూడటం సులువే కానీ వాటితో సరిపెట్టుకోవద్దు. రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ కింద నిషేధిత భూముల జాబితాలో ఆ నంబరు ఉందేమో కూడా చూడాలి. పేదలకు ఇచ్చిన డీ-పట్టా భూమి అయితే 1977 అసైన్డ్ భూముల చట్టం, దాని సవరణలు వర్తిస్తాయి. అమ్మేవారికి అమ్మే హక్కు ఉందో లేదో ముందు అక్కడ తేలాలి.

ఇక సింహాచలం దేవస్థానం పంచగ్రామాలు: అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలపల్లి, వెంకటాపురం. ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డ చుట్టుపక్కల స్థలం చూసేవారు ఈ పేర్లు మరచిపోకూడదు. అక్కడ చెరువు సమస్య తేలినా భూమి యాజమాన్యం చిక్కు మిగిలే ఉంటుంది.

ఎఫ్‌టీఎల్ లోపల ఉన్నా అది మా తాతగారి పట్టా భూమి. మాకు హక్కు లేదా?

భూమి మీదే. చెరువు నీరు తీసినప్పుడు సాగు చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు, వారసులకు ఇవ్వవచ్చు. ఇల్లు కట్టే హక్కు మాత్రం ఉండదు. ఈ తేడా చెప్పకుండా ఆ భూమిని గజాల్లో అమ్మేవారే ఎక్కువమందిని ముంచుతున్నారు.

మా స్థలం మాస్టర్ ప్లాన్‌లో నివాస జోన్ కాదని అంటున్నారు. మార్పించుకోవచ్చా?

2041 మాస్టర్ ప్లాన్ పటంలో మీ సర్వే నంబరు ఏ రంగులో ఉందో చూడండి. వ్యవసాయ జోన్ అయితే భూవినియోగ మార్పిడికి అర్జీ పెట్టవచ్చు. వీఎంఆర్‌డీఏ పరిశీలించి, ప్రజల అభ్యంతరాలు కోరి, ప్రభుత్వానికి పంపుతుంది. ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తేనే మార్పు. చార్జీలు ఉంటాయి, సమయం పడుతుంది. నీటి వనరుగానో, పచ్చదనానికి కేటాయించిన మేరగానో పటంలో చూపిన చోట ఈ ప్రయత్నం మీద డబ్బు పెట్టవద్దని నా సలహా.

పటంలో నివాస రంగు ఉన్నంత మాత్రాన బఫర్ పోదు. రెండూ వేర్వేరు పరీక్షలు, రెండింటిలోనూ నెగ్గాలి.

స్థలం ఇరుకు కాబట్టి బఫర్‌లో కొంత సడలింపు ఇస్తారా?

ఈ ప్రశ్న అడగనివారు లేరు. బఫర్‌లో సడలింపు ఆశించకండి. ఇప్పిస్తామని డబ్బు అడిగేవారికి దూరంగా ఉండండి. సడలింపు దొరికేది సెట్‌బ్యాక్‌లో, అదీ నిబంధనల్లో రాసి ఉన్నంత వరకే. ఒక పక్క వదలాల్సిన ఖాళీలో మీటరు వరకు మరో పక్కకు మార్చుకోవచ్చు. అయితే ఏ పక్కనైనా కనీసం మీటరు మిగలాలి, రోడ్డు వైపు ఖాళీని కదపకూడదు. లోతు వెడల్పుకు నాలుగింతలు ఉన్న సన్నని స్థలాల్లో పక్కల ఖాళీని ముందు, వెనుకలకు సర్దుకునే వీలుంది. 10 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి అక్కడ కూడా పక్కలకు కనీసం మీటరు వదలాలి. బఫర్ పోగా మిగిలిన ముక్క పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది కనుక చెరువు స్థలాల్లో మొదటి వెసులుబాటే ఎక్కువ ఉపయోగం.

అసలు కిటుకు ప్లానులో ఉంది. మెట్లు, స్నానాల గదులు, వంటగది రోడ్డు వైపు పెట్టి, చెరువు వైపు మొత్తం హాలుకు, పడకగదికి వదిలేస్తే 675 చదరపు అడుగుల్లో కూడా ఇల్లు విశాలంగా అనిపిస్తుంది. బఫర్‌లో మీరు నాటే కానుగ, నేరేడు మీకే నీడనిస్తాయి. వాస్తు కోసం వంటగదిని చెరువు వైపు లాగి, ఆ చూపును పాత్రలు తోమే చోటుకు ఇవ్వడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

బఫర్‌లో ప్రహరీ, కారు షెడ్డు, సెప్టిక్ ట్యాంకు?

మూడూ వద్దు. మొక్కలు, గడ్డి, నీరు ఇంకే నేల ఉండాలి. కంచె కావాలంటే మొక్కల కంచె వేసుకోండి. సెప్టిక్ ట్యాంకు విషయం కింద వేరుగా ఉంది.

పక్క స్థలంలో చెరువు అంచునే మూడంతస్తులు లేచాయి. వాళ్లకు ఇచ్చినప్పుడు మాకెందుకు ఇవ్వరు?

ముందు వాళ్లకు ఇచ్చారో లేదో కనుక్కోండి. సమాచార హక్కు చట్టం కింద అడిగితే మంజూరైన ప్లాను ఉందో లేదో తెలుస్తుంది. ఉన్నా సరే, ఒకరికి తప్పుగా దక్కినది మరొకరికి హక్కు కాదని కోర్టులు ఎన్నోసార్లు స్పష్టం చేశాయి. ఆ వాదనతో గెలిచే అవకాశం లేదు.

ఎల్‌ఆర్‌ఎస్ కట్టేస్తే సరిపోతుందా?

సరిపోదు. అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లను క్రమబద్ధం చేయడానికే ఎల్‌ఆర్‌ఎస్. చెరువు ఎఫ్‌టీఎల్‌లో ఉన్న ప్లాట్లు దాని పరిధిలోకి రావు. సొమ్ము కట్టిన రశీదు అనుమతి కాదు.

హైదరాబాద్ హైడ్రా ఇక్కడికి కూడా వస్తుందా?

చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా 2024 జులైలో ఏర్పడిన తెలంగాణ ప్రభుత్వ సంస్థ, దాని అధికారం హైదరాబాద్, దాని చుట్టుపక్కల వరకే. కానీ అక్కడి 30 మీటర్లు, 9 మీటర్ల లెక్క, ఇక్కడి లెక్క ఒకే మూలం నుంచి వచ్చాయి: ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన జీవో 168. ఇక్కడ కూల్చే అధికారం మున్సిపల్ చట్టం కింద నగరపాలక సంస్థకు ఎప్పటి నుంచో ఉంది. చెన్నైలోని జాతీయ హరిత ట్రైబ్యునల్ దక్షిణ ధర్మాసనానికి ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు.

సీఆర్‌జెడ్, చిత్తడి నేలల నిబంధనలు వర్తిస్తాయా?

మంచినీటి చెరువుకు సీఆర్‌జెడ్, అంటే తీర నియంత్రణ మండలం నిబంధన, వర్తించదు. అది సముద్రానికీ, ఆటుపోట్లు ఎక్కే నీటికీ సంబంధించినది. అయితే భీమిలి దగ్గర గోస్తనీ సముద్రంలో కలిసే చోటు వంటి ప్రాంతాల్లో చెరువులా కనిపించే నీరు నిజానికి బ్యాక్‌వాటర్ కావచ్చు. 2019 నోటిఫికేషన్ ప్రకారం అలాంటి నీటి పక్కన 50 మీటర్లు లేదా ఆ పాయ వెడల్పు, రెండింటిలో ఏది తక్కువైతే అంత మేర సీఆర్‌జెడ్‌లోకి వస్తుంది.

2017 చిత్తడి నేలల నిబంధనలు తాగునీటికి, సాగుకు మనిషి కట్టిన చెరువులను మినహాయించాయి. కాబట్టి మన ఊరి చెరువుల్లో ఎక్కువ వాటికి భవన నిబంధనల బఫరే ముఖ్యం. కర్ణాటకలో హరిత ట్రైబ్యునల్ పెట్టిన 75 మీటర్ల బఫర్‌ను సుప్రీంకోర్టు 2019 మార్చిలో కొట్టివేసింది, దూరాలు అక్కడి ప్రణాళిక నిబంధనల ప్రకారమే ఉండాలంది. మీ ఎల్‌టీపీ ఆ 75 అంకె చూపి భయపెడితే ఈ సంగతి చెప్పండి.

మా స్థలం గట్టుకు అవతల, ఆయకట్టు వైపు ఉంది. అప్పుడు?

చెరువు లోపలి అంచు కంటే ఇది కాస్త నయం, కానీ నిశ్చింతగా ఉండలేం. ఎఫ్‌టీఎల్ గీత గట్టు లోపలి వాలు మీద ఉంటుంది కాబట్టి బఫర్‌లో కొంత గట్టులోనే పోతుంది. మిగిలిన దూరం మాత్రం మీ స్థలంలో కొలుస్తారు. తూము నుంచి వచ్చే కాలువ, అలుగు నుంచి దిగే గెడ్డ మీ హద్దులో ఉన్నాయేమో చూడండి. వాటికి విడిగా 2 లేదా 9 మీటర్లు వదలాలి. గట్టు ఊట వల్ల నేలలో చెమ్మ ఏడాది పొడుగునా ఉంటుంది. గట్టు మీద మట్టి తవ్వి మీ స్థలం ఎత్తు పెంచే ఆలోచన మాత్రం పొరపాటున కూడా చేయవద్దు. ఆ గట్టు తెగితే మొదట కొట్టుకుపోయేది మీ ఇల్లే.

చిన్న ఇంటికి స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి వస్తుందటగా?

వస్తుంది. అయితే అది మీ మాట నమ్మి ఇచ్చే అనుమతి. నీటి వనరు పక్కన లేదని, లేదా బఫర్ వదిలామని మీరూ మీ ఎల్‌టీపీ సంతకం చేస్తారు. తర్వాతి తనిఖీలో అబద్ధమని తేలితే అనుమతి రద్దవుతుంది, అప్పటికి స్లాబు పడి ఉంటుంది. చెరువు స్థలానికి ఈ వేగం మేలు చేయదు. సంయుక్త సర్వే స్కెచ్ చేతికి వచ్చాకే ఆ బటను నొక్కండి.

నౌకాదళం అనుమతి కూడా కావాలా?

విమానాశ్రయం దగ్గర ఆంక్షలున్న మేరలోనో, రక్షణ సంస్థల హద్దుకు 500 మీటర్లలోపో స్థలం ఉంటే కావాలి. విశాఖ విమానాశ్రయం నౌకాదళానికి చెందిన ఐఎన్‌ఎస్ డేగాలో ఉంది కనుక ఈ ఊళ్లో ఈ ప్రశ్న మామూలే.

పునాది, మురుగునీరు సంగతి ఏమిటి?

విశాఖ ఎర్రమట్టి గట్టిదన్న నమ్మకంతో చెరువు పక్కన పునాది తీయకండి. కొండవాలులో ఉండే నేల వేరు, చెరువు అంచున దశాబ్దాలుగా పేరుకున్న బంకమన్ను వేరు. అది తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. భూసార పరీక్ష కాదు, పునాది కోసం చేసే నేల పరీక్ష చేయించండి. ఫలితాన్ని బట్టి ఇంటి కిందంతా పరిచే రాఫ్ట్ పునాది వేయాలా, లోతుకు దిగే పైల్స్ దింపాలా అన్నది స్ట్రక్చరల్ ఇంజినీరు చెబుతారు. ఇక్కడ మేస్త్రీ అనుభవం ఒక్కటే చాలదు. ప్లింత్, అంటే ఇంటి నేల మట్టం, ఎత్తును రోడ్డుతో పోల్చి మాత్రమే నిర్ణయించకండి, నిండు చెరువులో వరద లేచే మట్టంతో కూడా పోల్చండి.

సెప్టిక్ ట్యాంకు నుంచి బయటికొచ్చే నీటిని ఇంకుడు గుంతలో వదిలేవారు భారత ప్రమాణాలు చెప్పే దూరాలు పాటించాలి: తాగునీటి వనరుకు 18 మీటర్లు, ఇంటికి 6 మీటర్లు. 240 గజాల చెరువు స్థలంలో ఇది దాదాపు అసాధ్యం. భూగర్భ మురుగు కాలువ ఉంటే దానికి కలపండి. లేకపోతే సీలు చేసిన ట్యాంకు కట్టి, నిండినప్పుడల్లా తోడించుకోవాలి. ఖర్చే, అయినా తప్పదు. ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డ నీళ్లు తాగి పెరిగిన ఊరు ఇది. మన ఇంటి మురుగు ఆ నీటిలో కలవకూడదు. ఈ విషయంలో ఎంత గట్టిగా చెప్పినా తక్కువే.

అర్జీ తిరస్కరించారు. దారేమిటి?

తిరస్కరణకు కారణం రాతలో తీసుకోండి. కాగితాల లోటైతే సరిచేసి మళ్లీ పెట్టవచ్చు. ఎఫ్‌టీఎల్ హద్దు తప్పుగా గీశారని మీకు నిజంగా అనిపిస్తే పునఃసర్వే కోరండి, అలుగు మట్టం నుంచి మీ స్థలం దాకా తీసిన కొలతలను ఆధారంగా జతచేయండి. అధికారులు పట్టించుకోకపోతే హైకోర్టులో రిట్ వేయవచ్చు. మట్టాల కొలత లేకుండా కేవలం «నీరు ఎప్పుడూ ఇక్కడిదాకా రాలేదు» అన్న మాటతో కోర్టుకు వెళ్లడం వృథా.

బఫర్‌లో పోయిన స్థలానికి పరిహారం ఉందా?

నేరుగా డబ్బు రాదు, భూమి మీ పేరుమీదే ఉంటుంది కనుక. చెరువు తీరం అభివృద్ధి కోసం పట్టా భూమిని ఆ నిబంధనల ప్రకారం వదులుకుని, పచ్చదనం పెంచితే బదిలీ చేయదగిన అభివృద్ధి హక్కులు, అంటే టీడీఆర్, పొందే వీలు నిబంధనల్లో ఉంది. చిన్న ప్లాటు యజమానికి ఒంటరిగా ఇది కష్టం. వరుసలో ఉన్న నలుగురైదుగురు కలిసి అడిగితే సంస్థకూ ఆసక్తి ఉంటుంది, చెరువు చుట్టూ నడకదారి కూడా వచ్చే అవకాశముంది.

ఇంకా కొనలేదు, అడ్వాన్సు అడుగుతున్నారు. ఏం చేయాలి?

అడ్వాన్సు చిన్న మొత్తంగా ఇచ్చి, అగ్రిమెంటులో ఒక షరతు రాయించండి: జలవనరుల, రెవెన్యూ శాఖల సంయుక్త సర్వేలో ఎఫ్‌టీఎల్, బఫర్ పోగా ఇన్ని గజాలు మిగలకపోతే అడ్వాన్సు పూర్తిగా తిరిగి ఇవ్వాలని. ఎన్ని గజాలో అంకెల్లో రాయండి. ధర కూడా మిగిలే గజాల మీదే మాట్లాడండి, మొత్తం మీద కాదు. 240 గజాలకు ధర కట్టి 75 గజాల్లో ఇల్లు కట్టుకోవడం ఎంత భారమో మధ్యవర్తి చెప్పడు. సర్వేకు ఒప్పుకోని అమ్మకందారు దగ్గర కొనవద్దు. స్కెచ్ వచ్చాక, దాని మీది గీత స్థలంలో ఎక్కడ పడిందో రాళ్లు పాతించి, ఆ రాళ్ల మధ్య మీ ఇంటి కొలతలు సున్నంతో గీయించి చూసుకోండి. అందులో ఇల్లు సరిపోతే మిగతా సొమ్ము ఇవ్వండి.